బీరువా తాళం తీయడం నుంచి డిపో మేనేజర్‌కు అర్జీ దాకా: చదువుతో పిల్లల్ని ముందుకు నడిపించడం ఎలా?

మన ప్రభుత్వ బడుల్లో చాలాచోట్ల పుస్తకాలకు కరువు లేదు. హెచ్ఎం గదిలో ఒక ఇనుప బీరువా ఉంటుంది. దానికి తాళం ఉంటుంది. తాళంచెవి ఎవరి దగ్గరుందని అడిగితే, ఎప్పుడో బదిలీ అయిపోయిన సారు పేరు చెబుతారు. విద్యాహక్కు చట్టం, 2009 ప్రకారం ప్రతి బడిలోనూ లైబ్రరీ ఉండాలి. అందులో పేపర్లు, పత్రికలు, కథల పుస్తకాలు ఉండాలని చట్టం షెడ్యూల్‌లోనే రాశారు. ఆ పుస్తకాలను పిల్లల చేతికి ఎవరు ఇవ్వాలన్నది మాత్రం మనకే వదిలేశారు.

ఈ వ్యాసం టీచర్లకు, ఊళ్లో డిగ్రీ పూర్తిచేసి ఉద్యోగం కోసం చూస్తున్న కుర్రాళ్లకు, సెలవులకు సొంతూరు వచ్చి బడికి ఏదైనా చేయాలనుకునే వాళ్లకు. 6 నుంచి 9 తరగతుల పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. పదో తరగతి వాళ్లను స్పెషల్ క్లాసులు వదలవు, వాళ్ల మీద ఆశ పెట్టుకోకండి.

పుస్తకాలు చదివితే చాలు, పెద్ద పెద్ద కలలు వాటంతట అవే వస్తాయని చాలామంది నమ్మకం. అలా రావు. చదివినదాని గురించి మాట్లాడుకోవడానికి ఒక మనిషి ఉండాలి. ఆ తర్వాత చేసి చూడటానికి చేతికందే పని ఒకటి ఉండాలి. ఈ రెండూ ఏర్పాటు చేయడం ఎలాగో చూద్దాం.

ముందు తాళం సంగతి తేల్చండి

టీచర్లు పుస్తకాలు బయటికి తీయకపోవడానికి బద్ధకం కారణం కాదు, భయం. బీరువాలో ఉన్న ప్రతి పుస్తకం స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కి ఉంటుంది. ఒకటి పోతే ఎవరు జవాబు చెప్పాలన్నదే వాళ్ల టెన్షన్. కాబట్టి మొదటి రోజే హెచ్ఎం గారితో కూర్చుని రెండు విషయాలు మాట్లాడుకోండి. ఒకటి, చిరిగినవి, పోయినవి ఏడాది చివర రాసుకుని తీర్మానం చేయించుకునే పద్ధతి. రెండు, దాతల నుంచి వచ్చే పుస్తకాలకు వేరే నోటుబుక్కు పెట్టడం. ఈ రెండో రకం పుస్తకాలు పోయినా ఎవరికీ సంజాయిషీ అక్కర్లేదని అందరికీ తెలియాలి.

పుస్తకం చిరిగిందంటే ఎవరో చదివారన్నమాట. కొత్తగా మెరుస్తూ ఉన్న లైబ్రరీని చూస్తే నాకు అనుమానమే.

తర్వాత పుస్తకాలను తరగతి గదిలోకి తీసుకురండి. గోడకు ఆ చివర నుంచి ఈ చివరకు నైలాన్ తాడు కట్టండి, పిల్లల చెయ్యి అందే ఎత్తులో. పుస్తకాలను నడిమికి తెరిచి, దండెం మీద బట్టల్లా వేలాడదీయండి. అట్ట కనిపించాలి. బీరువాలో వెన్ను మాత్రమే కనిపించే పుస్తకాన్ని ఏ పిల్లాడూ తనంతట తాను తీసుకోడు.

ఏ పుస్తకాలు?

40, 50 పలుచటి పుస్తకాలుంటే మొదలుపెట్టొచ్చు. 16 నుంచి 32 పేజీలవి, బొమ్మలున్నవి, అక్షరాలు పెద్దగా ఉన్నవి. నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్ల నెహ్రూ బాల పుస్తకాలయం, సికింద్రాబాద్‌లోని మంచి పుస్తకం వాళ్లవి తక్కువ ధరకే దొరుకుతాయి. ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితంగా దించుకోవచ్చు, ప్రింటు తీసుకోవచ్చు. తరగతిలో డిజిటల్ ప్యానెల్ ఉంటే తెరమీదే చదివించొచ్చు, కానీ ఇంటికి తీసుకెళ్లేది కాగితమే అయి ఉండాలి.

పుస్తకాలు ఇస్తామని వచ్చే దాతలతో జాగ్రత్త. పాత గైడ్లు, పోటీ పరీక్షల మెటీరియల్, ఇంట్లో అడ్డంగా ఉన్న ఇంజినీరింగ్ పుస్తకాలు అట్టపెట్టెలో పెట్టి పంపేస్తుంటారు. మొహమాటపడకుండా వద్దనండి, కావలసిన పుస్తకాల జాబితా మీరే ఇవ్వండి.

తరగతుల వారీగా విడదీయకండి. పేజీకి ఒకటి రెండు వాక్యాలున్నవాటికి ఒక రంగు స్టిక్కరు, పేరా ఉన్నవాటికి ఇంకో రంగు, పేజీ నిండా ఉన్నవాటికి మరో రంగు. ఏ రంగు ఎవరికని ఎక్కడా రాయొద్దు. తొమ్మిదో తరగతి అమ్మాయి బొమ్మల పుస్తకం తీసుకున్నా ఎవరూ నవ్వకూడదు, ఆ ఒక్క నియమం మాత్రం గట్టిగా పాటించండి.

రిజిస్టర్ పిల్లలే రాయాలి. పుస్తకం నంబరు, పేరు, తీసుకున్న తేదీ, ఇచ్చిన తేదీ. వీటి పక్కన ఇంకో గడి పెట్టండి: "ఇది ఇంకెవరు చదివితే బాగుంటుంది?" అక్కడ పిల్లలు ఫ్రెండ్ పేరు రాస్తారు. మనం ఎంత చెప్పినా తెరవని పుస్తకాన్ని పక్క బెంచీ వాడు చెప్తే తెరుస్తారు.

ఎవరు ఎక్కువ పుస్తకాలు చదివారన్న పోటీ మాత్రం పెట్టకండి. పేజీలు తిప్పేసి "అయిపోయింది సార్" అనడం రెండో రోజుకే నేర్చేసుకుంటారు.

రోజూ ఒక పెద్దవాళ్లు బిగ్గరగా చదవాలి

ఇన్ని పనుల్లో ఒక్కటే చేయగలిగితే ఇదే చేయండి. మధ్యాహ్న భోజనం అయ్యాక మొదటి పీరియడ్‌లో పిల్లలు ఎలాగూ తూగుతుంటారు. ఆ పీరియడ్‌లో మొదటి 15 నిమిషాలు అడిగి తీసుకోండి.

ముందు రోజు రాత్రి కథను మీరు ఒకసారి పైకి చదువుకోండి. నాలుక ఎక్కడ తడబడుతుందో, గొంతు ఎక్కడ తగ్గించాలో తెలుస్తుంది. తరగతిలో పుస్తకాన్ని పిల్లల వైపు తిప్పి పట్టుకుని, పక్క నుంచి చూస్తూ చదవండి. ప్రతి కొత్త మాటకూ ఆగి అర్థం చెప్పకండి. కథలో ఉన్నప్పుడు పిల్లలు చాలా మాటలు వాళ్లే పట్టేస్తారు. పెద్ద కథైతే మంచి పట్టులో ఉండగా ఆపేయండి. "తర్వాత ఏమైంది టీచర్?" అని అరుస్తారు. "రేపు" అనండి. ఆ సాయంత్రం ఇద్దరు ముగ్గురైనా ఆ పుస్తకం కోసం తాడు దగ్గర నిలబడతారు.

కథ అయిపోగానే మన నోటికి అలవాటుగా వచ్చే ప్రశ్న "ఈ కథలో నీతి ఏమిటి?" దయచేసి ఆ ప్రశ్న అడగకండి. అడిగిన క్షణంలో అది పాఠం అయిపోతుంది. పిల్లలు చేతులు కట్టుకుని "ఐకమత్యమే బలం" అనేస్తారు, కథ మర్చిపోతారు. దానికి బదులు "ఎవరికైనా ఇందులో ఏదైనా నచ్చలేదా?" అని అడిగి చూడండి. మొదటి వారం ఎవరూ నోరు తెరవరు. నచ్చలేదని చెప్పొచ్చని వాళ్లకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. ఆ నిశ్శబ్దాన్ని మీరు మాటలతో నింపేయకుండా ఓపిక పట్టండి. రెండో వారంలో వెనక బెంచీలో ఒకడు, "ఆ రాజు ఎందుకు టీచర్ ప్రతిదానికీ బహుమతి ఇస్తాడు, ఆ డబ్బు ఎవరిది?" అంటాడు. ఆ ప్రశ్నతో ఒక పీరియడ్ గడిపేయొచ్చు. "ఇది ఇలాగే ఎందుకు ఉండాలి?" అని కథలో రాజును అడిగిన పిల్లలే రేపు బోరింగు దగ్గర, బస్టాపులో అడుగుతారు.

పిల్లలు వాళ్ల యాసలో చెబితే దిద్దకండి. సిక్కోలు, సిద్దిపేట, అనంతపురం, ఏ యాస అయినా సరే. పుస్తకాల్లోని తెలుగు చాలామంది పిల్లలకు ఇంట్లో వినపడే తెలుగు కాదు. తండా పిల్లలుంటే కథను లంబాడీలో మళ్లీ చెప్పమనండి, గూడెం పిల్లలుంటే కోయలోనో గోండీలోనో సవరలోనో. తరగతిలో మిగతావాళ్లు నోరెళ్లబెట్టి వింటారు. అంతవరకు నోరెత్తని పిల్ల ఆ రోజు టీచర్ అవుతుంది.

ఎనిమిదో తరగతికి వచ్చినా చదవడం రాని పిల్లాడు

ప్రతి తరగతిలో ఉంటారు, మీకు తెలుసు. వాడి ముందు ఒకటో తరగతి పుస్తకం పెడితే అవమానం, ఎనిమిదో తరగతిది తెరిస్తే భయం. దీనికొక దారుంది. వాడిని ప్రైమరీ బడికి పంపండి, చిన్నపిల్లలకు కథ చదివి వినిపించే డ్యూటీ మీద. "శుక్రవారం రెండో తరగతి వాళ్లకు ఈ పుస్తకం చదవాలి, ప్రాక్టీస్ చేసుకో" అని బొమ్మల పుస్తకం ఇవ్వండి. ఇప్పుడు వాడు ఆ చిన్న పుస్తకాన్ని నలుగురి ముందూ పట్టుకుని కూర్చోవచ్చు, ఎందుకంటే అది "చిన్నపిల్లల కోసం". వారమంతా అదే పుస్తకం పదిసార్లు చదువుతాడు. తాళంచెవి, రిజిస్టర్ బాధ్యత కూడా ఇలాంటి వాళ్లకే ఇవ్వండి, ఫస్ట్ ర్యాంకు వాళ్లకు కాదు. వాళ్లకు ఇప్పటికే చాలా పదవులున్నాయి.

కల గురించి అడిగే పద్ధతి

"పెద్దయ్యాక ఏమవుతావు?" అంటే మన బడుల్లో జవాబులు నాలుగే: కలెక్టర్, డాక్టర్, పోలీస్, టీచర్. ఈమధ్య యూట్యూబర్ చేరింది. తప్పేం లేదు, కానీ అవి పిల్లలు విన్న జవాబులు, ఆలోచించినవి కావు.

ప్రశ్న మార్చండి. "మన ఊళ్లో నీకు రోజూ చిరాకు తెప్పించేది ఏమిటి?" అని అడిగి చూడండి. బోరింగు దగ్గర బురద, బడి గేటు ముందు బెల్టుషాపు, చీకటి పడితే వెలగని వీధిలైటు, ఆడపిల్లల బాత్‌రూమ్‌కు లేని గడియ. ఒక్క పీరియడ్‌లో బోర్డు నిండిపోతుంది.

ఆ తర్వాత వాళ్ల వయసులో ఏదో ఒకటి చేసినవాళ్ల కథలు వినిపించండి. మహనీయుల జీవితాలను పుట్టిన తేదీ నుంచి బిరుదుల దాకా చదివిస్తే పిల్లలకు ఆవలింతలే. ఒక్క సంఘటన తీసుకోండి. 1923లో కాకినాడలో కాంగ్రెస్ మహాసభలు జరిగినప్పుడు ఖాదీ ఎగ్జిబిషన్ గేటు దగ్గర దుర్గాబాయి వాలంటీరు. వయసు 14. టికెట్ లేకుండా ఎవరినీ పంపొద్దన్నారు. వచ్చింది నెహ్రూ. ఆయన్నీ ఆపేసింది, టికెట్ కొన్నాకే లోపలికి పంపింది. ఇక్కడ పుస్తకం మూసేసి, "నువ్వు ఆ గేటు దగ్గర ఉంటే?" అని అడగండి. తరగతి రెండుగా చీలుతుంది. ఆ అమ్మాయే దుర్గాబాయి దేశ్‌ముఖ్ అయిందని, రాజ్యాంగ సభలో కూర్చుందని చివర్లో చెప్పండి.

నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి వెళ్లి, 2014 మేలో 13 ఏళ్లకే ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ కూడా సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివిన పిల్లే. మన హాస్టల్ పిల్లలకు ఆ విషయం ఎవరెస్ట్ ఎత్తు కంటే ముఖ్యం.

నేను ఎక్కువగా చెప్పే కథ ఇంకొకటుంది. 2021లో రంగారెడ్డి జిల్లా చిదేడులో ఎనిమిదో తరగతి చదివే ఒక అమ్మాయి, తమ ఊరికి బస్సు ఆగిపోయిందని, ఆటోలకు డబ్బులు పెట్టలేకపోతున్నామని సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎన్.వి.రమణకు లేఖ రాసింది. ఆయన ఆర్టీసీకి చెప్పారు. బస్సు మళ్లీ వచ్చింది. ఆ అమ్మాయి చేసింది ఒక ఉత్తరం రాయడం. మన పిల్లలు ఉత్తరం రాయడం పరీక్షలో 5 మార్కులకు ఎప్పటినుంచో రాస్తున్నారు, ఒక్కటీ పోస్టు చేయలేదు.

పుస్తకంలోంచి వీధిలోకి

దసరా సెలవుల తర్వాత మొదలుపెట్టండి. అప్పటికి పిల్లలకు చదవడం, మాట్లాడటం కొంత అలవాటై ఉంటాయి.

బోర్డు మీద రాసుకున్న చిరాకుల్లోంచి ఒక్కటే ఎంచుకోవాలి, అదీ పిల్లలే ఓటేసి. మీరు మూడు గీటురాళ్లు ఇస్తే చాలు. రెండు నెలల్లో తేలే పనేనా? సంతకం పెట్టే అధికారం ఎవరికుందో చెప్పగలమా? మనం లెక్కపెట్టగలమా, కొలవగలమా? "అవినీతి పోవాలి" ఈ మూడింట్లోనూ ఫెయిల్. "వీధిలైటు వెలగాలి" పాస్.

తర్వాత దానికి సంబంధించి చదవాలి. ఇక్కడ చదవడమంటే కథలే కాదు. పేపర్లో జిల్లా పేజీలు, పంచాయతీ నోటీసు బోర్డు, కరెంటు బిల్లు, బస్సు టైమింగుల బోర్డు. ఇంటిపన్ను రసీదు తెమ్మనండి. అందులో గ్రంథాలయ పన్ను కనిపిస్తుంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం పన్నులో రూపాయికి 8 పైసలు లైబ్రరీలకు చేరాలి. "మనం కట్టిన డబ్బుకు మన లైబ్రరీ ఏది?" అని ఒక పిల్ల అడిగిందంటే ఏ ప్రాజెక్టు చేయాలో మీరు చెప్పక్కర్లేదు.

నీళ్లు మంచి అంశం. సైన్సు టీచర్‌ను కలుపుకోండి. కుళాయి చివర్లో కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. పరీక్ష కిట్ పంచాయతీ దగ్గరో, గ్రామీణ నీటి సరఫరా శాఖ (ఆర్‌డబ్ల్యూఎస్) ఇంజినీరు దగ్గరో ఉంటుంది, అడిగితే వచ్చి చూపిస్తారు. ట్యాంకు దగ్గరి ఇల్లు, నడిమి వీధి, చివరి ఇల్లు, మూడుచోట్ల పరీక్షించి పట్టిక గీయాలి. అంకెలు చేతిలో ఉన్న పిల్లలు సర్పంచి ముందు తల దించుకుని మాట్లాడరు.

ఇక అర్జీ. పిల్లలు మొదట రాసేది ఇలా ఉంటుంది: "మా ఊరికి బస్సు సరిగా రావడం లేదు. దానివల్ల మేము చాలా ఇబ్బందులు ఎదుర్కొంటున్నాము. కావున దయచేసి తగు చర్యలు తీసుకోగలరని ప్రార్థన." ఇది చదివిన ఆఫీసరుకు ఏం చేయాలో తెలియదు. వారం రోజులు బస్టాపులో లెక్క రాయించి, మళ్లీ రాయించండి. అప్పుడు ఇలా తేలుతుంది:

"డిపో మేనేజర్ గారికి. మేము హైస్కూల్ 8వ తరగతి పిల్లలం. మా బడి సాయంత్రం 4:15కు వదులుతారు. బస్సు 4 గంటలకే వెళ్లిపోతుంది. తర్వాతి బస్సు 6:30కు. సోమవారం నుంచి శనివారం దాకా మేం లెక్కపెట్టాం. రోజూ 23 మంది ఆటో ఎక్కుతున్నాం, మనిషికి 20 రూపాయలు. ఆడపిల్లలకు బస్సులో టికెట్ లేదు, అబ్బాయిలకు పాసులున్నాయి, అయినా ఆటోకు డబ్బులు పెడుతున్నాం. 4 గంటల బస్సును 4:30కు మార్చగలరా? మా లెక్కల కాగితం జత చేశాం."

తేడా పిల్లలతోనే చెప్పించండి. టైము, అంకె, ఒకే ఒక కోరిక. "దయచేసి" ఒక్కసారి చాలు.

రెండు కాపీలు తీసుకెళ్లాలి. ఒకటి ఆఫీసులో ఇచ్చి, రెండో దానిమీద తేదీతో ముద్ర వేయించుకోవాలి. ఆ ముద్ర ఉన్న కాగితాన్ని తరగతి గోడకు అతికించండి. 15 రోజులకు జవాబు రాకపోతే గుర్తుచేస్తూ ఇంకో ఉత్తరం. అప్పటికీ లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు: తెలంగాణలో దాన్ని ప్రజావాణి అంటారు, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక అంటారు. పెద్దవాళ్లు ఒకరిద్దరు తోడు వెళ్లాలి. ఫలితం రాకపోయినా ఏం జరిగిందో తేదీలతో సహా పిల్లలు రాయాలి. ఆ రాతలకు నాలుగు బొమ్మలు జోడించి, దారంతో కుట్టి, అట్ట వేసి, నంబరిచ్చి తాడు మీద వేలాడదీయండి. వచ్చే ఏడాది పిల్లలు అన్నిటికంటే ముందు తీసేది ఆ పుస్తకాన్నే, అందులో తెలిసినవాళ్ల పేర్లుంటాయి కాబట్టి.

వస్తువు తయారుచేసే ఆలోచన ఏదైనా పుడితే, బడి పిల్లల కొత్త ఆలోచనలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఇన్‌స్పైర్ మనక్ అవార్డుకు పంపండి. ఎంపికైతే నమూనా తయారీకి 10,000 రూపాయలు పిల్లల ఖాతాలో వేస్తారు. సర్వే చేసిన టీమును బాలల సైన్స్ కాంగ్రెస్‌కు పంపొచ్చు.

పిల్లల చేత చేయించకూడనివి

బాల్యవివాహం, ఇంట్లో కొట్టడం, బెల్టుషాపు, ఇసుక లారీలు. ఇవన్నీ బోర్డు మీదకు వస్తాయి. పిల్లలు చెప్పింది వినండి, కానీ వాళ్లను ముందు నిలబెట్టి పోరాడించకండి. రేపు గొడవైతే ఆ వీధిలో ఉండాల్సింది వాళ్లే. ఒక పిల్లకు ప్రమాదం ఉందని తెలిస్తే పిల్లల సహాయ నంబరు 1098కు ఫోన్ చేయాల్సింది మీరు. పార్టీ నాయకులు ఫొటోలకు పిలిస్తే వెళ్లొద్దు. పిల్లల పేర్లు, ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టే ముందు తల్లిదండ్రులను అడగండి.

"కథల పుస్తకాలు చదివితే మార్కులు వస్తాయా?"

తల్లిదండ్రుల మీటింగులో ఈ ప్రశ్న తప్పదు. వాదించకండి. వాళ్ల అబ్బాయినే లేపి, అంతవరకు చూడని పుస్తకం ఇచ్చి ఒక పేజీ చదవమనండి. చాలామంది తల్లులు కొడుకు పైకి చదవడం వినడం అదే మొదటిసారి.

ఇంటిపని కూడా ఇవ్వొచ్చు: రాత్రి నాయనమ్మకో అమ్మమ్మకో రెండు పేజీలు చదివి వినిపించాలి, బదులుగా ఆమె దగ్గర ఒక కథ చెప్పించుకుని రాసుకురావాలి. చదువు రాని ఇంట్లో ఈ పని ఇంకా బాగా సాగుతుంది. అలా వచ్చిన కథలు కూడా కుట్టి లైబ్రరీలో పెట్టండి.

వేసవి సెలవులు

ఏప్రిల్ చివర్లో బడి మూసేస్తే జూన్ 12 దాకా పుస్తకాలు బీరువాలోకి, తాళం మళ్లీ పైకి. అలా జరగనివ్వకండి. వీధికి ఒక పిల్లనో పిల్లాడినో ఎంచి, గుడ్డ సంచిలో పదేసి పుస్తకాలు ఇచ్చి పంపండి. సాయంత్రం వాళ్ల అరుగే లైబ్రరీ. మనవాళ్లకు ఇదేం కొత్త కాదు. 1935లో గ్రంథాలయోద్యమంలో పనిచేసిన పాతూరి నాగభూషణం గారు పుస్తకాలను పడవకెక్కించి కాలువ గట్టున ఉన్న ఊళ్లకు పంపారు. రచయిత వట్టికోట ఆళ్వారుస్వామి తెలంగాణలో పుస్తకాలు మోసుకుని ఊరూరా తిరిగి అమ్మారు.

వారానికోసారి, సంత రోజు చూసుకుని, సంచులు వీధులు మారాలి. ఎవరి సంచి ఎక్కడుందో మే నెలంతా ఫోన్‌లో కనుక్కుంటూ ఉండండి. జూన్‌లో బడి తెరిచాక పది పుస్తకాలకు ఏడో ఎనిమిదో తిరిగి వస్తే బాగా నడిచినట్టే. తక్కినవి దాతల నోటుబుక్కులో కొట్టేసి, ఆ వారమే కొత్తవి తెప్పించండి.